చేత్తో కోసిన గీతలు

పోయిన వారం మనం కొండలయ్యను ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, తన టైర్ల అంగడి గడప మీద, చేతిలో టీ గ్లాసుతో నిలబెట్టి వచ్చేశాం. ఉదయగిరి బస్సు వచ్చి ఆగింది. అందులోంచి ఏంజెలిన్ దిగింది. వరికుంటపాడు బడిలో టీచరు, శాంతికుమార్ భార్య. శాంతికుమార్ పోయి పది నెలలైనా ఆమెను మరో మాటతో పిలవడానికి ఇంకా ఎవరికీ నోరు రావడం లేదు. ఆమె వెనకే అత్త ఎస్తేరమ్మ, కోడలి కొంగు పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది. కండక్టరు బస్సు పైనుంచి ఒక గోనెసంచి దించాడు. సంచి మూతి తెరుచుకుంది. లోపల పాత బుల్లెట్ టైరు. దాన్ని చూడగానే కొండలయ్య చేతిలో టీ ఒలికింది.

ఎందుకు ఒలికిందో ఈ వారం చెప్పక తప్పదు. దాటవేద్దామంటే మీరు ఊరుకోరు. పది నెలలుగా ఆయన మనసూ ఆయన్ను ఊరుకోనివ్వడం లేదు.

ముందు కొండలయ్య సంగతి కాస్త వినండి. ఆ చుట్టుపక్కల కలువాయి నుంచి ఉదయగిరి దాకా టైరు మాటంటే ఆయన మాటే. అంగడికి ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఎవరు తోలేది? ఏ రోడ్డు? ఎంత బరువు? జవాబులు విన్నాకే కొక్కెం మీది టైరు కిందికి దించుతాడు. సైజు సరిపోతే చాలు ఇచ్చెయ్యవయ్యా అనే తొందర మనిషిని పక్క అంగడికి పంపించేస్తాడు. పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగరు గదయ్యా అని గిరాకీలు ఎగతాళి చేస్తే, "పిల్లకు నోరుండాది, కష్టమొస్తే చెప్పుకుంటాది. టైరుకు లేదు గదా" అని నవ్వేవాడు.

లోపలి గోడ మీద నీలం రంగుతో, తన చేత్తోనే, అక్షరాలు కాస్త వంకరగా రాసుకున్నాడు: "మంచి టైరు ముందుకి". వెనక చక్రం జారితే కాలు మోపి నిలదొక్కుకోవచ్చు, ముందు చక్రం జారితే కాలు మోపే వ్యవధి కూడా ఉండదు. ఈ పాఠం ఆయన దగ్గర టైరు కొన్న ప్రతివాడికీ కంఠతా వచ్చు. బుల్లెట్ బండికి ముందూ వెనకా ఒకే సైజు టైరు కాబట్టి, ఆ బండి వాళ్లకు మరీ మరీ చెప్పేవాడు.

ఏంజెలిన్ అత్తను పక్కనే ఉన్న సోడా అంగడి నీడలో బల్ల మీద కూర్చోబెట్టింది. కంటి డాక్టరు పన్నెండింటికి గానీ రాడు. "రెండడుగుల దూరంలోనే ఉంటానత్తా" అని చెప్పి, గోనెసంచి ఈడ్చుకుంటూ అంగడిలోకి వచ్చింది. మూల నుంచి గాలి మిషను మోత చెవులు గింగురుమనేలా ఉంది.

"బాగుండావా కొండలయ్యన్నా?"

కొండలయ్య తల ఊపాడు. 

"ఆయన బండి బాగైందన్నా. మా తమ్ముడు పెంచలప్రసాద్ సోమవారం నించి తోల్తాడు. మా అత్త చెక్కిన గరిటెలు నెల్లూరికి చేర్చే దిక్కు లేక ఇంటినిండా గుట్టలు పడి ఉండాయి. రెండు టైర్లూ కొత్తవి కావాల. వాణ్ణి పంపిస్తే చేతికొచ్చింది తగిలించుకుని వస్తాడని నేనే వచ్చినాను."

ఎన్నడూ లేనిది కొండలయ్య ప్రశ్నలు అడగలేదు. అడగకపోయినా ఆమె చెప్పింది. "తోలేది ఇరవై రెండేళ్ల పిల్లోడు. రోడ్డు నీకు తెలిసిందే, ఉదయగిరి నించి నెల్లూరు దాకా. బరువు మనిషీ, రెండు గోతాల గరిటెలూ. ఇంగ నాదో ప్రశ్న ఉండాది. ఇది ఎందుకు జారిందో చెప్పి, జారనిది ఇయ్యన్నా."

అంటూ సంచిలోంచి పాత టైరు తీసి నేల మీద పెట్టింది.

కొండలయ్య దానివైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, ఒకటి తర్వాత ఒకటి మూడు టైర్లు దించాడు. చేతులకు పని దొరికితే నోటికి కాస్త విరామం దొరుకుతుందని ఆయన ఆశ. అది అబద్ధపు ఆశేగానీ, ఆ క్షణానికి దాన్నే పట్టుకున్నాడు.

"ఇది గీతల టైరమ్మా. చుట్టూ నిలువు గీతలు చూడు. తారు రోడ్డు మీద దారం పట్టినట్టు తిన్నగా పోతాది. గీతల్లో పడి నీళ్లు పక్కకి పోతాయి. గులక రోడ్డు ఎక్కిందా, పక్కకి లాగతాది. ఇది బటన్ల టైరు. మట్టిలో, గులకలో గోళ్లతో పట్టినట్టు పట్టుకుంటాది. మీ ఉదయగిరి కొండకింద చేలల్లో తిరిగేవాళ్లు దీన్నే అడగతారు. నెల్లూరు దాకా తారు మీద తోలితే మాత్రం బటన్లు తొందరగా అరుగుతాయి, మలుపులో బండి వంచితే కింద కదిలినట్టుంటాది."

"ఇదో?"

"ఇది నడిమి రకం. మధ్యలో ఒకటే గీత, పక్కలకి ఏటవాలు కోతలు. తారుకీ పనికొస్తాది, ఊరి దారికీ పనికొస్తాది. దూరం పొయ్యేవాళ్లకి ఇదే మేలు."

ఏంజెలిన్ ఒక్కోదాన్నీ దగ్గరికి లాక్కుని, పిల్లల పలకలు దిద్దేటప్పుడు చూసినంత శ్రద్ధగా చూసింది. బొటనవేలి గోరుతో రబ్బరు నొక్కింది. "నువ్వు ఆయనకు ఇట్ల నొక్కి చూపించేవాడివంట. గోరు దిగితే మెత్తది, దిగకపోతే గట్టిది అని."

"అవునమ్మా. గట్టిది మూడేండ్లొస్తాది. మెత్తది ఏడాదిన్నరకే అరిగిపోతాది. కానీ తడిలో పట్టేది మెత్తదే."

"తొందరగా అరిగితే అరగనీ. పట్టేదే ఇయ్యి."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. కొండలయ్యకు మాత్రం అది కొత్త మాట. బేరమాడే గిరాకీని చూశాడు, ఎక్కువకాలం రావాలని పట్టుబట్టే గిరాకీని చూశాడు. అరిగిపోయినా ఫరవాలేదు, మనిషి మిగిలితే చాలు అని అడిగినవాళ్లను ఆయన చూడలేదు.

"మాటలతో వద్దన్నా, చేసి చూద్దాం" అంది ఏంజెలిన్. టీచరు కదా, చేసి చూస్తేగానీ ఆమెకు పాఠం పూర్తికాదు. పంచరు చూసే తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచి సిమెంటు నేల మీద పోసింది. ఒక్కో టైరునూ నిలబెట్టి, మీద రెండు చేతులూ ఆనించి బరువేసి, తిరగనివ్వకుండా ముందుకు తోసింది. గీతల టైరు మొరాయించింది. నడిమి రకమైతే కదలనే లేదు, ఆమే తూలి పడబోయింది. బటన్లది జానెడు జరిగి ఆగిపోయింది.

తర్వాత పాత టైరు తీసుకుంది.

"అది వద్దులేమ్మా" అన్నాడు కొండలయ్య.

ఆమె వినిపించుకోలేదు. బరువేసి తోసింది. టైరు చప్పుడు కూడా చెయ్యకుండా తడి నేల మీద బారెడు దూరం జారిపోయి గోడకు కొట్టుకుంది.

ఏంజెలిన్ అక్కడే చతికిలబడి టైరును తనవైపు తిప్పుకుంది. గీతల్లో వేలు పెట్టి చూసింది. కొత్త టైరు గీతలో పెట్టి చూసింది. మళ్లీ పాతదానిలో పెట్టింది.

"లోతు ఒకటే ఉండాది గదన్నా. కొత్తదాని మాదిరే ఉండాది. మరి ఇదెందుకు జారతాంది?"

ఆమె లేచి నిలబడి చుట్టూ చూసింది. అన్ని టైర్లకీ పైన, దూలానికి కొట్టిన మేకుకు, కాగితం చుట్టింది చుట్టినట్టే ఒక టైరు వేలాడుతోంది. కాగితం మీద వేలి మందాన దుమ్ము పట్టి ఉంది.

"అది గూడా బుల్లెట్టుదే గదా? దించన్నా, దాన్నీ చూద్దాం."

"అది అమ్మేది గాదమ్మా."

"ఎవరికన్నా తీసిపెట్టినావా?"

"తీసిపెట్టినాను."

"ఎవరికి?"

కొండలయ్య నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. పది నెలల పాటు ఎంతో జాగ్రత్తగా మోసుకొచ్చిన బరువును మనిషి ఎక్కడో ఒకచోట దించాల్సిందే. ఆయనకు ఆ చోటు ఇదే అయింది.

"శాంతికుమార్‌కు" అన్నాడు.

గాలి మిషను మోత సాగుతూనే ఉంది. ఏంజెలిన్ దగ్గరికి వచ్చింది, సరిగ్గా వినబడలేదేమోనని. ఆయన మళ్లీ చెప్పాడు. ఒకసారి మొదలయ్యాక ఇక ఆగలేదు.

"ఆ శుక్రవారం బండి తెచ్చినాడమ్మా. వెనక టైరు గీతలన్నీ అరిగి గుండైపోయి ఉండాది. నా దగ్గర ఆ సైజు లేదు. మంగళవారం నెల్లూరు నించి సరుకొస్తాది, అప్పుడేస్తానన్నా. ఈలోగా టీ తాగి రమ్మని పంపించి, ఆ గుండు టైరునే విప్పి గీతలు కోసినాను. లారీ టైర్లకు కోసేవాణ్ణిలే, చిన్నప్పుడు నెల్లూర్లో నేర్చుకున్న పని. వంకర బ్లేడు కాల్చి కోస్తే రబ్బరు వెన్న మాదిరి తెగతాది. నాలుగు రోజులు వెనక చక్రానికి ఉంటే ఏమౌతాదిలే అనుకున్నా. కోసినాక నల్ల పాలిష్ గూడా పూసినా. తిరిగొచ్చి చూసి, 'అరే, కొత్తదే ఏసినావే కొండలయ్యా! యాడ దొరికింది?' అన్నాడమ్మా."

"నువ్వేం చెప్పినావు?"

"నవ్వినా."

ఏంజెలిన్ వంగి నేల మీది చెంబు చేతిలోకి తీసుకుంది.

"అంతేనమ్మా, నవ్వినా. నా చేతిపనికి ఆ పిల్లోడే మోసపోయినాడే అని గర్వం. కోసినదిరా నాయనా, కింద రబ్బరు లేదు, ఎండకు రాయి మాదిరి గట్టిపడిపోయి ఉండాది, తడిలో పోవద్దు అని ఒక్క మాట చెప్పాల. మంగళవారం వచ్చినప్పుడు చెప్పి ఇద్దరం నవ్వుకుందాం అనుకున్నా. సోమవారమే వాన కురిసె. మంగళవారం టైరు వచ్చింది. అప్పటికే..."

ఆయన దూలం వైపు చూశాడు. ఆ కాగితం టైరు అప్పటినుంచీ అక్కడే ఉంది. దాన్ని అమ్మలేడు, తిరిగి పంపలేడు, కిందికి దించలేడు. పొద్దున అంగడి తెరవగానే మొదట కనబడేది అదే.

ఏంజెలిన్ ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. చేతిలో ఉన్న చెంబు విసిరినా తల వంచుకుని నిలబడేవాడు. ఆమె గోడ వైపు తిరిగి, వంకర అక్షరాలను చూస్తోంది.

"నువ్వు వెనక చక్రానికే వేసినావా?"

"వెనకకే. నా బిడ్డల మీద ఒట్టు. ముందుకు ఎట్ల పొయ్యిందో ఇంతవరకూ నాకు తెలీదు. బండిని చూడబోయినప్పుడు ముందు చక్రానికి అది కనబడింది."

"నాకు తెలుసు" అంది ఏంజెలిన్. "నేనే మార్చమన్నాను."

కొండలయ్యకు అర్థం కాలేదు.

"ఆదివారం గుడి నించి వచ్చి అన్నం తిన్నాం. అత్త ఎవరింటికో ప్రార్థనకు పోయింది. ఆయన బండి తుడస్తా ఉంటే చూసినా. ముందు టైరు అరిగి ఉండాది, వెనకది తళతళా మెరస్తా ఉండాది. కొండలయ్యన్న గోడ మీద రాసినాడు గదా, మంచిది ముందుకని, మార్చుకోరాదా అన్నా. రేపు చూస్తాలే అన్నాడు. రేపు వానొస్తాది, ఇప్పుడే మార్చు అన్నా. నేనే ఊరుకోలేదన్నా. స్పానర్లు నేనే అందించినా. మార్చినాక, ఇప్పుడు నాకు నిమ్మళంగా ఉండాది అని గూడా అన్నా."

గాలి మిషను నిండిపోయి దానంతటదే ఆగింది. ఉన్నట్టుండి బస్టాండు చప్పుళ్లన్నీ అంగడిలోకి వచ్చిపడ్డాయి.

ఇంత దుఃఖాన్ని నేను చాలా తక్కువసార్లు చూశాను, రాయడం కూడా చేతకావడం లేదు. మొగుడు క్షేమంగా ఉండాలని ఆమె చెప్పింది. జనం క్షేమంగా ఉండాలని ఆయన గోడ మీద రాశాడు. మధ్యలో ఒక నవ్వు, చెప్పకుండా మింగేసిన ఒక్క మాట. ఇద్దరూ ఆ తడి నేల మీద, ఆ నాలుగు టైర్ల మధ్య నిలబడి ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు.

"నీ తప్పేముందమ్మా" అన్నాడు కొండలయ్య చివరికి. "నువ్వు నమ్మినావు. నమ్మేటట్టు చేసింది నేను."

"తప్పు ఎవరిదని పంచుకోడానికి నేను రాలేదన్నా." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "బయట అత్త కూర్చోని ఉండాది. ఆమె పడే బాధ నీకు తెలుసా?"

తెలుసు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా అందరికీ తెలుసు. ఆ సోమవారం వాగు చప్టా మీద బురదలో పడి ఉన్న శాంతికుమార్‌ను మొదట చూసింది గొర్రెలు తోలుకుపోయే మనుషులు. తలకు దెబ్బ తగిలి అతనికి మాట ముద్దముద్దగా వస్తోంది, లేవబోతే కాళ్లు తేలిపోతున్నాయి. తాగినట్టున్నాడులే అనుకుని, చెట్టు కింద పడుకోబెట్టి, గొర్రెలు చెదిరిపోతాయని వెళ్లిపోయారు. గంట తర్వాత బస్సు వాళ్లు చూసి ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు. ఆ మనుషుల్ని తప్పుపట్టలేం, వాళ్లకు అట్లా అనిపించింది. కానీ ఆ మాట మాత్రం బతికింది. జీవితంలో చుక్క ముట్టని మనిషి తాగి పడ్డాడన్న మాట చీటీల పాటలో, నీళ్ల కుళాయి దగ్గర, గుడి గుమ్మంలో బతికింది.

"గుళ్లో ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకునే మనిషి, ఇప్పుడు చెప్పులిడిచే చోట కూర్చుంటాంది. పాటే పాడదు. నేను గూడా ఒక్కోసారి ఆ మాట నమ్మినానన్నా. నాకు తెలీకుండా తాగినాడేమో, నన్ను ఇట్ల వదిలేసి పొయ్యినాడే అని పోయిన మనిషి మీద కోపం పెట్టుకున్నా. పోయి చెప్పన్నా. ఆమెకు నీ నోటితో చెప్పు."

కొండలయ్య భయపడ్డాడు. పడకుండా ఎట్లా ఉంటాడు? ముప్పై ఏళ్లుగా ఆయనకున్నది ఒక్క పేరే. కొండలయ్య టైరు వేస్తే కళ్లు మూసుకుని ఎక్కొచ్చు అనే మాట. బయట సోడా అంగడి దగ్గర పదిమంది ఉన్నారు. చెప్పాక ఆ పేరు ఉండదు. అయినా పాత టైరు చంకన పెట్టుకుని గడప దిగాడు.

ఎస్తేరమ్మ బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న రెండు చెక్క గరిటెలు. డాక్టరుకు ఇవ్వడానికి తెచ్చినట్టుంది. నలభై ఏళ్లు కొయ్య చెక్కిన చేతులు, కళ్లు పోతున్నా పని పోగొట్టుకోలేదు.

"ఎవురూ?"

"కొండలయ్యనమ్మా."

"రా నాయనా. మా కోడలికి మంచి టైర్లు చూపించినావా?"

ఆయన ఏమీ అనలేక టైరును ఆమె మోకాళ్లకు ఆనించి పెట్టాడు. ఆమె సంచి పక్కన పెట్టి రెండు చేతులతో టైరును తడిమింది. "ఇది వానిదే" అంది మెల్లగా. పది నెలలు ఇంటి వెనక పడి ఉన్నా దాన్ని ముట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. అరిచేయి గుండ్రంగా తిప్పుతూ పోయి, ఒకచోట ఆగింది. వేలి కొస గీతలోకి పోయింది. వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది.

"ఇది మిషన్లో చేసింది గాదే" అంది. "చేత్తో కోసింది. ఇదిగో, మొదలుపెట్టిన చోట కత్తి రవ్వంత నిలబడింది. ఆ తర్వాత యాడా తడబళ్లేదు. పనిమంతుడే. ఎవురు నాయనా కోసింది?"

"నేనేనమ్మా."

నిలబడి చెప్పలేక ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. శుక్రవారం సంగతి, నవ్వు సంగతి, మంగళవారం టైరు సంగతి. "వెనక చక్రానికి వేసిచ్చినానమ్మా, నిజం చెప్పకుండా. తడిలో అది నిలవదు. నీ బిడ్డ తాగలేదు. నా కోత వల్ల పడినాడు."

ఎస్తేరమ్మ ముందుకు వంగింది. "ఏమంటివీ?"

"శాంతికుమార్ తాగలేదమ్మా."

"గట్టిగా చెప్పు."

కొండలయ్య తల ఎత్తాడు. సోడా కొట్టేవాడి చేయి ఆగిపోయింది. బస్సు కోసం నిలబడ్డ ఉదయగిరి మనుషులు ఇటు తిరిగారు. ఆయన లేచి నిలబడి, పంచె సర్దుకుని, బస్టాండంతా వినబడేలా అన్నాడు.

"శాంతికుమార్ తాగి పళ్లేదు! అరిగిపోయిన టైరును కోసి కొత్తదాని మాదిరి చేసి ఇచ్చింది నేను! దానివల్ల పడినాడు!"

ఎస్తేరమ్మ టైరు మీదికి వంగి, దానికి మొహం ఆనించి ఏడ్చింది. పది నెలలుగా ఏడవని ఏడుపు అది. కొడుకు పోయినందుకు ఏడవడానికి కూడా ఆమెకు అంతవరకూ మొహం చెల్లలేదు. ఉదయగిరి మనుషుల్లో ఒక ముసలాయన వచ్చి ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాడు. కొండలయ్య వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

ఏడుపు సద్దుమణిగాక ఆమె కొంగుతో టైరును తుడిచింది, తన కన్నీళ్ల తడిని. అప్పుడు చేయి ఆగింది.

"వెనక చక్రానికి వేసినా అంటివి గదా నాయనా?"

"అవునమ్మా."

"దీన్ని విరిగిన ముందు చక్రం నించి విప్పినారు. ముందుకు ఎట్ల వచ్చింది?"

కొండలయ్య ఒక్కసారి వెనక్కి చూశాడు. ఏంజెలిన్ గడప మీద నిలబడి ఉంది. రెండు చేతులతో తలుపు చెక్క పట్టుకుని ఉంది. ఆ ఇంట్లో ఇక ఉన్నది ఇద్దరే ఆడవాళ్లని, ఒకరి కొంగు పట్టుకుని ఒకరు నడుస్తున్నారని ఆయనకు గుర్తొచ్చింది.

"అదీ నేనేనమ్మా. పొరపాటున చెప్పినా. ముందుకే వేసినాను."

ఎస్తేరమ్మ టైరు మీద చేయి అలాగే ఉంచింది.

"ఆ ఆదివారం సందకాడ ప్రార్థనలో వాడు నా పక్కన కూర్చున్నాడు" అంది. "చేయి పట్టుకుంటే జిడ్డు. ఏందిరా ఇది అంటే, టైర్లు ముందుదీ వెనకదీ మార్చినా అమ్మా అన్నాడు. వాడు బండి తుడవాలన్నా నేను పదిసార్లు అరవాల. తనంతట తాను మార్చే రకం గాదు. నా బిడ్డకు పడిన మచ్చ తుడిచినావు, అది చాలు. నాకోసం ఇంగో అబద్ధం మోయబాకు నాయనా."

ఎస్తేరమ్మ ముఖం తిప్పింది. పొరలు కమ్మిన ఆ కళ్లకు అంగడి గడప కనబడదు. అయినా సరిగ్గా అటే తిప్పింది.

"ఏంజెలిన్, ఆడ్నే ఉండావు గదమ్మా? వానికి మార్చమని చెప్పింది ఎవురు?"

ఏంజెలిన్ తలుపు చెక్క వదిలి గడప దిగింది.